ఖాళీ పల్లకీ

మా ఇంట్లో సబ్బుకి జరిగినంత మర్యాద మా అత్తగారికి కూడా జరిగి ఉండదు. మా ఆయన భూషణ్ డాక్టరేట్ చేసింది సబ్బు మీదే. స్నానానికి వెళ్ళినవాడు బకెట్ ముందు కూర్చుని నురగని చూస్తూ ఉండిపోతాడు. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, నీ పరిశోధన తర్వాత చేసుకో" అని తలుపు బాదితే గానీ బయటికి రాడు. నేనూ తక్కువ తినలేదు లెండి. చీకట్లో మెరిసే రంగులు తయారుచేయడం నా పని. హైదరాబాదులో మేమిద్దరం పనిచేసే సంస్థలో వెనక మా పేరు సబ్బాయన, దీపాలావిడ. వెనక అన్న మాటలు ముందుకు రాకుండా ఉంటాయా.

ఒక ఆదివారం మా తన్మయికి తలంటుతున్నాను. కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది.

"అమ్మా, అది ఇవ్వు."

"ఏది?"

"అదే. నీళ్ళు పోసుకునేది."

చెంబు దాని మోకాలి పక్కనే ఉంది. కళ్ళు తెరిచి దాన్ని చూసింది, నన్ను చూసింది, సిగ్గుపడింది. ఏడేళ్ళ పిల్ల చెంబు అనే మాట మర్చిపోయి సిగ్గుపడుతుంటే ఏ తల్లయినా ఏం చేస్తుంది? నెత్తిన నాలుగు చెంబులు గబగబా పోశాను, నా ఏడుపు దానికి కనపడకుండా.

అప్పటికే రంగుల పేర్లు పోయాయి. పళ్ళ పేర్లు సగం పోయాయి. డాక్టర్లు ఆ జబ్బుకి బారెడు పేరు చెప్పారు. మేం మాటలు రాలిపోయే జబ్బు అనుకునేవాళ్ళం. మెదడులో రోజూ పోగయ్యే చెత్త బయటికి పోక అక్కడే పేరుకుంటుంది, ఒక్కో మాటా దాని కింద పడిపోతుంది. చెత్తని కరిగించే మందు ఉంది. కానీ అది నూనెలాంటిది. నెత్తురులో కలవదు, మెదడుదాకా చేరదు. "మందుందమ్మా, దారే లేదు" అన్నాడు పెద్ద డాక్టరు.

నూనెని నీళ్ళలో మోసుకుపోవడమంటే సబ్బు పనే కదా. భూషణ్ ఆ రోజునుంచి మరో పని ముట్టుకోలేదు.

సబ్బు రేణువుకి ఒక తలా ఒక తోకా ఉంటాయి. తలకి నీళ్ళంటే ప్రాణం, తోకకి నీళ్ళంటే గిట్టదు. నీళ్ళలో చిటికెడు సబ్బు వేస్తే రేణువులు ఎవరికి వాళ్ళే తిరుగుతాయి. ఒక హద్దు దాటి వేశామంటే మాత్రం తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టి గుండ్రంగా గుమిగూడతాయి. ఆ గుంపుని మైసెల్ అంటారు. జిడ్డు ఆ గుంపు నడుమ కూర్చుని నీళ్ళలో హాయిగా ఊరేగుతుంది. భూషణ్ కుంకుడుకాయ సారం తీసి, దాన్ని అటూ ఇటూ మార్చి, నెత్తుటిలోంచి మెదడులోకి దూరగలిగే చిన్న చిన్న గుంపులు తయారుచేశాడు. ల్యాబ్‌లో వాటిని పల్లకీలు అనేవాళ్ళం. మందు అందులో పెళ్ళికూతురు.

పల్లకీ కట్టుకుందో లేదో, ఎక్కడిదాకా వెళ్ళిందో కంటికి కనపడదు. అక్కడ నా అవసరం పడింది. నేను చేసిన రేణువుకి దివిటీ అని పేరు పెట్టాం. ఉత్త నీళ్ళలో దానికి వెలుగు లేదు. పల్లకీలోకి దూరిందంటే, ఊదారంగు దీపం వేసినప్పుడు వెలుగుతుంది. లోపల మందు ఉంటే పచ్చగా, ఖాళీగా కట్టిన పల్లకీ అయితే నీలంగా. మందు దిగిపోయి పల్లకీ విడిపోతే వెలుగే ఆరిపోతుంది. కంటి వెనక పొర మెదడులో భాగమే కాబట్టి, కంట్లోకి దీపం వేసి చూస్తే పల్లకీ మెదడుకి చేరిందో లేదో తెలిసిపోతుంది. ముసలి ఎలకల మీద మందు ప్రయోగించినప్పుడు, దారి మర్చిపోయినవి మళ్ళీ తిన్నగా గింజల దగ్గరికి నడిచాయి. ల్యాబంతా చప్పట్లు కొట్టాం. భూషణ్ మాత్రం కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాత పిల్లల మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది. దేశం మొత్తం మీద ఆ జబ్బున్న పిల్లలు ఒక బస్సుకి సరిపోరు. అందుకే ఉద్యోగుల పిల్ల అయినా తన్మయిని చేర్చుకున్నారు. సగంమందికి మందున్న పల్లకీ, సగంమందికి ఖాళీ పల్లకీ, ఎవరికి ఏదన్నది లాటరీ. ఏడాది తర్వాత బాగుందని తేలితే అందరికీ మందే. తల్లిని కాబట్టి నన్ను ఆ ప్రయోగం ఛాయలకి రానివ్వలేదు. భూషణ్‌ని దూరం పెట్టడానికి వీల్లేకపోయింది, పల్లకీ కట్టడం ఇంకెవరికీ చేతకాదు గనక. సీసాలు నింపి పేర్లు అంటించేది అతనే. ఎవరి సీసాలో ఏముందో అతనొక్కడికే తెలుసు. ఆసుపత్రిలో పిల్లల కంట్లోకి దీపం వేసే యంత్రంలో, చూసేవాళ్ళకి రంగు తెలియకూడదని, వెలుగు ఎంతో మాత్రం చూపించే అద్దం అంతకుముందే పెట్టించింది నేనే. పక్షపాతం ఉండకూడదు కదా.

మొదటి మోతాదు ఎక్కించిన సాయంత్రం భూషణ్ వంటింట్లోకి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"మనకి మందే వచ్చింది ఇందూ. లాటరీలో. ఎవరికీ అనకు."

చెప్పకూడని మాట చెప్పాడని చివాట్లు పెట్టాల్సిందాన్ని. పెట్టలేదు. అతని చొక్కా తడిసిపోయేదాకా ఏడ్చి, ఆ రాత్రి పాయసం చేశాను.

రెండు వారాలకోసారి పిల్లలకి మోతాదు. నేను తల్లిగా మాత్రం హాల్లో కూర్చునేదాన్ని. అక్కడే నాగవేణి పరిచయమైంది. తాడిపత్రి డిపోలో కండక్టరు. కొడుకు మౌళిని తీసుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చేది. తను పనిచేసే బస్సు కాదు కాబట్టి అందులో మాత్రం దర్జాగా నిద్రపోతానని నవ్వేది. తొలిరోజే నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఈడ పెద్ద సైంటిస్టంట గదా. కుర్చీ యాడుందో తెల్సుకోలేక నిలబడినారే" అని పక్క కుర్చీ మీది సంచి తీసింది. అప్పటినుంచి అక్కా అనే పిలిచేది.

ఆర్నెల్లు తిరిగేసరికి మౌళికి మాటలు రావడం మొదలైంది.

"అక్కా, ఇనండి మీరు" అని వాణ్ణి నా ముందు నిలబెట్టింది. "చెప్పురా, మన బస్సు యాడ యాడ ఆగుతాది?"

వాడు చేతులు వెనక్కి కట్టుకుని, "తాడిపత్రి, యాడికి, రాయలచెరువు, గుత్తి" అన్నాడు. యాడికి అన్నదీ ఊరి పేరేనట. మధ్యలో ఒక్కసారి ఆగి, ఆలోచించి, మరీ అన్నాడు.

"నాలుగు నెలల కింద వీనికి అమ్మ అనే మాట గూడా యెతుక్కోవాల్సి వచ్చేదక్కా" అంది నాగవేణి. మొహం తిప్పుకుంది. "వెలుగు గూడా ప్రతిసారీ పెరుగుతాండాదంట. మంచిదేనా?"

"మంచిదే" అన్నాను. "వెలుగు ఎక్కువైతే మందు బాగా చేరుతోందని."

చేరుతున్నది మందో కాదో నాకు తెలీకూడదు కాబట్టి వెంటనే నాలిక్కరుచుకున్నాను. ఆమె పట్టించుకోలేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

సంతోషించాను గానీ, లోపల ఎక్కడో కలుక్కుమంది. మందు వచ్చింది తన్మయికి కదా. మరి తన్మయికి ఆ నెలలోనే దువ్వెన పోయింది, కిటికీ పోయింది. గాలి రాని గది మధ్యలో నిలబడి, తెరవమని చెప్పడానికి మాట దొరక్క గోడని చేత్తో కొట్టేది. "ఒక్కొక్కరికి ఒక్కోలా పనిచేస్తుంది, ఓపిక పట్టు" అనేవాడు భూషణ్. పట్టాను. ఓపిక పట్టడంలో ఆడదాన్ని మించినవాళ్ళు లేరని మా నాయనమ్మ అనేది. అది మెచ్చుకోలు కాదని అప్పుడు తెలీలేదు.

సెలవు రోజున తన్మయిని నా ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. పిల్లలందరికీ మర్నాడు మోతాదు ఉంది. మొదట్లో దివిటీని పరీక్షించడానికి నేను చేసుకున్న చేతిదీపం ఒకటి బీరువాలో పడి ఉంది. దానికి రంగు మూసే అద్దం లేదు. మందు పనిచేయడం లేదేమిటో, పల్లకీ దారిలోనే విరిగిపోతోందేమో చూద్దామనుకున్నాను. అంతకుమించి నాకు ఏ అనుమానమూ లేదు, ఒట్టు.

మా పనిలో ఒక ఆచారం ఉంది. ఏది కొలిచినా ముందు బ్లాంక్ చూడాలి. ఏమీ కలపని నమూనాలో ఏమీ కనపడకపోతేనే దీపాన్ని నమ్మాలి. అందుకని గదిలో తెరలు దించి ముందు నా కంట్లోకే వేసుకుని అద్దంలో చూశాను. చీకటి. సరే. పాత సీసాలోంచి మందున్న పల్లకీ ఒక చుక్క గాజు మీద వేసి చూశాను. పచ్చగా వెలిగింది. అదీ సరే. అప్పుడు తన్మయి గడ్డం పట్టుకుని దీపం వేశాను.

నీలం. కిరసనాయిలు స్టవ్ మంటలాంటి నీలం. రెండో కంట్లోనూ అదే.

గాజు మీది చుక్కని మళ్ళీ చూశాను. పచ్చన. పిల్ల కన్ను. నీలం. దీపం అబద్ధం చెప్పదు, దాన్ని చేసింది నేను. అబద్ధం చెప్పింది ఎవరో ఆలోచించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

మందుగది అదే వరండాలో చివర. సెలవైనా భూషణ్ అక్కడే ఉంటాడు. తన్మయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను.

"ఏంటి, సెలవు రోజు ఇలా..." అని నవ్వబోయాడు.

"తన్మయి కంట్లో నీలం వెలుగుతోంది."

చేతిలోని గాజుకడ్డీ బల్ల మీద పెట్టాడు. ఎలా చూశావని అడగలేదు. పొరబడి ఉంటావనీ అనలేదు.

"లాటరీలో మందొచ్చిందన్నావ్."

"వచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు."

"అయితే ఆ మందేది?"

నేను ఫ్రిజ్ తలుపు తీశాను. మర్నాటి మోతాదులు వరసగా ఉన్నాయి. "వీటిలో పచ్చది ఏదో దీపంతో నేనే చూసుకుంటాను. నా పిల్లకి నేనే ఎక్కించుకుంటాను" అన్నాను. భూషణ్ ఒక్క అంగలో వచ్చి ఆ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అలా పట్టుకోవడం అదే మొదలు.

"వద్దు ఇందూ. దానికి అది వద్దు."

"ఎందుకొద్దు?"

అప్పుడు చెప్పాడు. చప్పట్లు కొట్టించుకున్న ఎలకల్లో కొన్నింటికి, తర్వాత వెనక కాళ్ళ పట్టు తప్పింది. ముసలివి కదా, వయసనుకున్నాడు. అనుకుని ఊరుకోలేక కోసి చూశాడు. ఖాళీ పల్లకీలు రెండు మూడు వారాల్లో విడిపోయి కొట్టుకుపోతున్నాయి. మందున్నవి విడిపోవడం లేదు. ఆ మందే జిగురులా వాటిని పట్టి ఉంచుతోంది. ప్రతి మోతాదుకీ కొత్తవి వచ్చి పాతవాటి పక్కన చేరుతున్నాయి.

"నరాల మీద కొవ్వు తొడుగు ఉంటుంది కదా" అని ఆగిపోయాడు.

ఆ తర్వాతది నాకు చెప్పక్కర్లేదు. జిడ్డుని వదిలించడం సబ్బుకి తెలుసు గానీ, ఏ జిడ్డు చెత్తో ఏది అవసరమో దానికి తెలీదు. ఆ తొడుగు కరిగిపోతే మెదడు మాట కాళ్ళకి అందదు. పల్లకీలు పోగవుతున్నాయి కాబట్టే మౌళి కంట్లో వెలుగు ప్రతిసారీ పెరుగుతోంది. మంచిదేనని ఆ తల్లికి చెప్పింది నేను.

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది నీకు?"

"పిల్లలకి మొదలుపెట్టడానికి ముందు."

"ఎవరికి చెప్పావ్?"

"కొన్ని ఎలకలే ఇందూ. పిల్లల్లో అలా అవుతుందని ఎవరన్నారు? చెబితే ఆపేస్తారు. ఒకసారి ఆపితే ఇంకెవరూ ఈ మందు జోలికి పోరు. తన్మయికి వేరే దారేది? ఆపేంత నమ్మకం లేదు. మన పిల్లకి ఎక్కించేంత నమ్మకమూ లేదు. ఏడాది చూద్దామనుకున్నాను. వాళ్ళకి ఏమీ కాకపోతే అప్పుడు..."

"వాళ్ళకి అంటే?"

నా మణికట్టు వదిలేశాడు.

"లాటరీలో తన్మయికి మందొచ్చింది. నువ్వు తీసేశావు. సగం సగం లెక్క తప్పకూడదు కదా, ఖాళీ వచ్చిన పిల్లల్లో ఒకరికి అది వెళ్ళాలి. ఎవరికి వెళ్ళింది?"

"తన్మయి వయసుకి దగ్గరగా ఉన్నవాడికి" అన్నాడు. "ఆ తాడిపత్రి అబ్బాయికి."

నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. అబద్ధమెందుకు చెప్పను? నా పిల్ల కాళ్ళు క్షేమమని గుండె తేలికపడింది. తర్వాత ఆ సంతోషాన్ని చూసుకుంటే నామీద నాకే రోత పుట్టింది. నాకు చెప్పకుండా నా పిల్ల గురించి నిర్ణయం చేశాడు, అదొక ద్రోహం. దాన్ని ఎప్పటికైనా దిగమింగుకునేదాన్నేమో. కానీ ఆరునెలలు నన్ను నాగవేణి పక్కన కూర్చోబెట్టాడు. మందు నా పిల్లకుంది, పాపం ఈమె కొడుక్కి ఉందో లేదో అని నేను లోపల జాలిపడుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. నేను చేసిన వెలుగుతో, నా నోటితో ఆమెని నమ్మించాడు. తండ్రి ప్రేమ అనే మాట అతని నోటినుంచి రాకముందే అక్కణ్ణుంచి బయటపడాలనిపించింది.

"ఇందూ, ఒక్క మాట" అన్నాడు వెనకనుంచి. "నువ్వు ఇది బయటపెడితే తన్మయికి ఇక ఏమీ మిగలదు. బాగా ఆలోచించుకో."

బెంచీ మీద తన్మయి కాళ్ళూపుతూ కూర్చుంది. నన్ను చూసి ఏదో అడగబోయి, మాట దొరక్క, నా కొంగు పట్టుకుంది. ఎత్తుకున్నాను. ఆలోచించుకోమన్నాడు కదా, ఆవరణ దాటి, మర్నాటి మోతాదు కోసం నాగవేణి ముందే వచ్చి దిగిన అతిథిగృహం చేరేవరకూ ఆలోచించాను. చెప్పకపోతే ఇంకో ఆర్నెల్లలో ఎవరి కాళ్ళు ఏమవుతాయో తేలిపోతుంది. వాటిని చూసి నా పిల్ల సంగతి తేల్చుకోవచ్చు. ఎంత తేలికో. ఇలాంటి తేలికదారి వెతుక్కోవడానికా ఇద్దరం ఇంత చదువు చదివింది.

నాగవేణి మెట్ల దగ్గర బట్టలు ఆరేస్తోంది. మౌళి ఎదురొచ్చాడు. "అత్తా, తన్మయి, రాండి" అని మూడు మాటలు వరసగా అన్నాడు. పరిగెత్తబోతే ఎడమకాలి చెప్పు జారి వెనకే ఉండిపోయింది. వాడికి తెలీలేదు.

"వానికి ఈ మధ్య చెప్పులు నిలబడటం లేదక్కా" అంది నాగవేణి క్లిప్పు పెడుతూ. "అంగట్లో కొలత తప్పిచ్చినాడేమో."

కూర్చోమన్నాను. నిలబడే విన్నది. నేను మొత్తం చెప్పాను, ఎలకలు, లాటరీ, సీసాలు, భూషణ్. ఏదీ మెత్తగా చేయలేదు. మధ్యలో తడి తువ్వాలు ఆమె చేతిలోనే ఉండిపోయింది, నీళ్ళు కారి పాదాల మీద పడుతున్నాయి.

"అయితే మావానికి రావాల్సింది ఖాళీదా" అంది చివరికి.

"అవును."

"మాటలు మాత్రం నిజంగానే వచ్చినాయి గదా. అది మందే గదా."

"మందే."

"కాళ్ళు పోతాయా?"

"పోవచ్చు. పోకపోవచ్చు. ఇప్పుడే ఆపేస్తే నిలబడే అవకాశం ఎక్కువ."

"ఆపేస్తే మాటలు?"

"పోతాయి."

ఆమె మౌళిని చూసింది. వాడు తన్మయికి గుత్తి బస్టాండు గురించి చెబుతున్నాడు. తన్మయి వాడి పెదాలనే చూస్తోంది. ఆమె తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాను. కొట్టి ఉంటే నాకు కాస్త బాగుండేది.

"ఈ ముక్క మొదట్లోనే మమ్మల్ని పిల్చి చెప్పింటే, నేను ఒప్పుకునింటానేమో" అంది. "కాళ్ళు పోతే ఎత్తుకోని తిప్పుతాను, నన్ను అమ్మా అని పిలిస్తే చాలు అనుంటానేమో. నాకు తెల్దు. అడిగింటే గదా తెల్సేది. మీ ఆయప్ప మీ పాప కోసరం ఆలోచించుకున్నాడు. ఆలోచించుకోడానికి నాకూ ఒక బిడ్డ ఉండాడని ఎవరికీ అనిపీలేదు గదా, మేడం."

ఆరునెలల్లో మేడం అనడం అదే మొదటిసారి.

తువ్వాలు పిండి తీగ మీద వేసింది. వెళ్ళి మౌళి చెప్పు తెచ్చి, కింద కూర్చుని వాడి కాలికి తొడిగింది, బొటనవేలు రెండుసార్లు నొక్కి చూసింది. "మీ పెద్దాయన ఈ పొద్దు ఉంటాడా?" అని అడిగింది. డైరెక్టరు ఇల్లు ఆవరణలోనే ఉందని చెప్పాను.

"పదండి. నేను చెప్తే కండక్టరమ్మ ఏడుస్తాందంటారు. మీరే చెప్పండి. మీ పాప కంట్లో ఏ రంగు, మావాని కంట్లో ఏ రంగు, పిల్లలిద్దర్నీ నిలబెట్టి మీరే చూపీండి."

ఆమె మౌళిని, నేను తన్మయిని చేత పట్టుకుని నడిచాం. మౌళి కోసం మెల్లగా నడవాల్సి వచ్చింది. వాకిట్లోకి వెళ్ళాక నాగవేణి పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చింది. ఆ తలుపు తెరుచుకుంటే మందు ఆగిపోతుంది, తన్మయికి ఇక మాటలు తిరిగి రావు. తెలిసే తట్టాను.